కొలతలు తీశాకే... కత్తెర!

స్టాండప్, స్ప్రింట్, స్క్రమ్... సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పొద్దున లేస్తే వినిపించే మాటలివి. వీటన్నిటికీ పెద్దదిక్కు 'ఎజైల్'. పాతికేళ్లుగా ప్రపంచమంతా వాడుతున్న ఈ పద్ధతి కొన్నిచోట్ల మునిగిపోతున్న ప్రాజెక్టుల్ని ఒడ్డున పడేసింది. మరికొన్నిచోట్ల మనుషుల్ని అలసగొట్టి వదిలేసింది. ఒకే పద్ధతి... రెండు ఫలితాలు. ఎందుకలా?

ఇంట్లో ఒక్క సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నా చాలు, ఈ మాటలు చెవిన పడకుండా ఉండవు. 'స్టాండప్‌లో ఉన్నా, తర్వాత మాట్లాడతా' అంటాడు కొడుకు. 'స్ప్రింట్ అయ్యేదాకా సెలవు దొరకదమ్మా' అంటుంది కూతురు. కుర్చీలో కూర్చుని చేసే స్టాండప్ ఏమిటో, కదలకుండా తీసే ఆ పరుగేమిటో అమ్మానాన్నలకు ఓ పట్టాన అర్థంకాదు. 2020లో కొవిడ్ వచ్చి ఆఫీసు కాస్తా ఇంట్లోకి దిగాక ఈ మాటలు వంటింటిదాకా వచ్చేశాయి.

విషయం నిజానికి చాలా చిన్నది. పెద్ద పనిని ఒకేసారి ఏడాది తర్వాత చేతిలో పెట్టకుండా, చిన్నచిన్న ముక్కలుగా చేసి, రెండేసి మూడేసి వారాలకోసారి 'ఇదిగో, ఇంతవరకూ అయింది. చూసి చెప్పండి' అని వాడేవాళ్లకు చూపించడం. వాళ్లు చెప్పిన మార్పులు చేసుకుంటూ ముందుకెళ్లడం. ఆ రెండు మూడు వారాల గడువే 'స్ప్రింట్'. రోజూ ఓ పావుగంట 'నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ ఆగిపోయాం' అని జట్టంతా మాట్లాడుకోవడమే 'స్టాండప్'. నిలబడి మాట్లాడితే త్వరగా ముగుస్తుందని ఆ పేరు!

ఇంత చక్కటి పద్ధతి ఉంటే ఇక గొడవేముంది? ఉంది. ఐదుగురు కుర్రాళ్లు కలిసి చేసే మొబైల్ గేముకీ, 500 మంది కలిసి చేసే బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కీ, ఆసుపత్రిలో రోగి ప్రాణం ఆధారపడే యంత్రానికీ... ఒకటే కొలతతో చొక్కా కుడితే ఎలా ఉంటుంది? ఒకరికి వదులు, ఒకరికి బిగుతు, ఒకరికి అసలు తలే దూరదు. అందుకే పద్ధతిని పనికి తగ్గట్టు సవరించుకోవాలంటారు అనుభవజ్ఞులు. తమాషా ఏమిటంటే, ఆ సవరింపుని సాఫ్ట్‌వేర్ పరిభాషలో కూడా 'టైలరింగ్' అనే అంటారు!

మంచుకొండ మీద మూడు రోజులు

కథ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌ని ఇల్లు కట్టినట్టు కట్టేవారు. ముందు కావాల్సినవన్నీ రాసుకోవాలి. తర్వాత ప్లాను. ఆ తర్వాత కోడు. చివర్లో పరీక్షలు. నీళ్లు పై మెట్టు నుంచి కింది మెట్టుకి దూకినట్టు పని ఒక దశ నుంచి ఇంకో దశకి వెళ్తుంది కాబట్టి దానికి 'వాటర్‌ఫాల్' అని పేరొచ్చింది. విచిత్రమేమిటంటే, 1970లో ఈ దశల బొమ్మని తన పత్రంలో వేసి చూపించిన విన్‌స్టన్ రాయిస్ ఆ పక్కనే ఓ హెచ్చరిక కూడా చేశాడు. ఇలా నేరుగా దిగుకుంటూ పోతే ప్రమాదమనీ, పరీక్షల దశలో తప్పు బయటపడితే మళ్లీ మొదటికి రావాల్సి ఉంటుందనీ అన్నాడు. బొమ్మ మాత్రం లోకానికి గుర్తుండిపోయింది. హెచ్చరిక మరుగున పడిపోయింది.

1990ల్లో చాలామంది ఈ చిక్కుకి ఎవరికి వారు విరుగుడు వెతకడం మొదలుపెట్టారు. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ 'స్క్రమ్'ని రూపుదిద్దారు. అమెరికా కార్ల కంపెనీ క్రిస్లర్ జీతాల లెక్కల ప్రాజెక్టుకి 1996లో వెళ్లిన కెంట్ బెక్ అక్కడ ఇద్దరేసి ప్రోగ్రామర్లు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని రాయడం, కోడుకన్నా ముందే పరీక్ష రాయడం లాంటి అలవాట్లని పోగుచేసి 'ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్' అన్నాడు. ఆ ప్రాజెక్టు 1997లో దాదాపు పది వేలమందికి జీతాలు లెక్కకట్టగలిగింది. కానీ మిగతా ఉద్యోగులందరి లెక్కలూ అందులోకి రాకముందే 2000లో కంపెనీ దాన్ని ఆపేసింది. కొత్త పద్ధతికి పుట్టిల్లయిన ప్రాజెక్టే పూర్తికాలేదన్నమాట! పద్ధతి ఎంత మంచిదైనా అది మంత్రదండం కాదని మొదటి అడుగులోనే తేలిపోయింది.

2001 ఫిబ్రవరి 11 నుంచి 13 వరకూ అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది కలిశారు. అందరివీ వేర్వేరు పద్ధతులు. ఎవరి పద్ధతి గొప్పదో తేల్చుకోవడం మానేసి, అన్నిట్లోనూ ఉమ్మడిగా ఉన్న నాలుగు విలువల్ని కాగితం మీద పెట్టారు. నియమాలూ పరికరాలకన్నా మనుషులూ వాళ్ల మధ్య మాటలూ ముఖ్యం. కట్టలకొద్దీ కాగితాలకన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యం. ఒప్పందంలో బేరాలకన్నా కస్టమర్‌తో కలిసి పనిచేయడం ముఖ్యం. ప్లాను పట్టుకుని వేలాడటంకన్నా మార్పుకి స్పందించడం ముఖ్యం. వీటి వెనక మరో 12 సూత్రాలు. వాటిలో ఆఖరిది చూడండి... జట్టు ఎప్పటికప్పుడు తన పనితీరుని తానే సమీక్షించుకుని, తగ్గట్టు మార్చుకోవాలట. అంటే సవరించుకునే హక్కుని పద్ధతిలోనే రాసిపెట్టారు. రోజూ తొమ్మిదిన్నరకి స్టాండప్ ఉండాలని కానీ, స్ప్రింట్ రెండు వారాలే అని కానీ ఆ ప్రకటనలో ఎక్కడా లేదు!

ఎవరికెంత? లెక్క చెప్పినవాళ్లు

మరి ఎంత సవరించాలి, దేన్నిబట్టి? ఈ ప్రశ్నకి బాగా ఆలోచించి సమాధానం చెప్పినవాళ్లలో అలిస్టెర్ కోబర్న్ ఒకరు. 1990ల మొదట్లో ఐబీఎం కోసం పనిచేస్తూ ఎన్నో ప్రాజెక్టు బృందాల్ని కలిసి 'మీరెలా చేశారు' అని అడిగాడాయన. చివరికి రెండు ప్రశ్నలు తేల్చాడు. జట్టులో ఎంతమంది ఉన్నారు? తప్పు జరిగితే పోయేదేమిటి? కాస్త ఇబ్బందా, కొంత డబ్బా, సంస్థ నిలబడటానికే అవసరమైన డబ్బా, లేక ప్రాణమా? ఈ జవాబుల్నిబట్టి ఆయన 'క్రిస్టల్' పేరుతో ఒక పద్ధతి కాదు, పద్ధతుల కుటుంబాన్నే తయారుచేశాడు. ఒకే గదిలో కూర్చునే అరడజను మందికి 'క్లియర్'. జట్టు పెరిగేకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు... రంగు ముదిరినకొద్దీ నియమాలూ, రాతకోతలూ పెరుగుతాయి.

ఇది మనకు తెలియని లెక్కేం కాదు. ఇంట్లో 20 మందికి వంట చేస్తే ఉప్పు సరిపోయిందా లేదా ఒకరు రుచి చూస్తే చాలు. పెళ్లిలో 2000 మందికి వండాలంటే సరుకుల జాబితా ఉండాలి, వడ్డనకి మనుషులుండాలి, ఎవరు ఏ పొయ్యి దగ్గరో ముందే చెప్పాలి. ఇంటి వంటలోని కలుపుగోలుతనం పెళ్లి వంటశాలలో పనికిరాదు. పెళ్లి వంటశాల హడావుడి ఇంట్లో పెడితే ఇల్లు నరకం!

బ్యారీ బోమ్, రిచర్డ్ టర్నర్ 2003లో తెచ్చిన పుస్తకంలో ఈ లెక్కని ఐదు కొలతలుగా విడదీశారు. జట్టు పరిమాణం, తప్పు జరిగితే నష్టం, అవసరాలు నెలనెలా ఎంత మారుతున్నాయి, జట్టులో అనుభవజ్ఞుల పాలు ఎంత, ఆ సంస్థలో మనుషుల తీరు ఎలాంటిది- అంటే స్వేచ్ఛ ఇస్తే రాణిస్తారా, పద్ధతి ప్రకారం చెబితేనే కుదురుగా పనిచేస్తారా? ఈ ఐదిటినీ సాలెగూడులాంటి బొమ్మ మీద గుర్తుపెట్టమన్నారు. చుక్కలన్నీ మధ్యకి దగ్గరగా పడితే ఎజైల్ హాయిగా నప్పుతుంది. అంచులకి పోతే ప్లానూ, కాగితాలూ ఎక్కువ కావాలి. కొన్ని మధ్యలో, కొన్ని అంచున ఉంటే? ఎక్కడ అంచుకి పోయిందో అక్కడే సవరించుకోవాలి. నిజానికి ఎక్కువ ప్రాజెక్టులు ఈ మూడో రకమే.

హైదరాబాద్ చెప్పిన పాఠం

కొలతలు తీసి కత్తిరించడం అంటే ఏమిటో చూపించే ప్రసిద్ధ ఉదాహరణకి మన హైదరాబాద్‌తో సంబంధం ఉంది. 2004లో మైక్రోసాఫ్ట్ లోపలి ఐటీ విభాగంలో ఓ చిన్న జట్టు ఉండేది. కంపెనీ సొంతానికి వాడుకునే సాఫ్ట్‌వేర్లకి మరమ్మతులూ, చిన్నచిన్న మార్పులూ చేయడం దాని పని. ఆ పని చేసే ముగ్గురు డెవలపర్లూ, ముగ్గురు టెస్టర్లూ ఉన్నది హైదరాబాద్‌లో. పనులు కోరే మేనేజర్లు అమెరికాలో. హైదరాబాద్ జట్టు సామాన్యమైంది కాదు. పద్ధతుల్లో, నాణ్యతలో పైస్థాయి గుర్తింపు ఉన్న సంస్థకి చెందింది. అయినా అడిగిన పని చేతికి రావడానికి దాదాపు ఐదు నెలలు పట్టేది. 80కి పైగా పనులు వరుసలో ఎదురుచూస్తుండేవి. కోరినవాళ్లకి కోపం, చేసేవాళ్లకి నీరసం.

ఆ జట్టు బాధ్యత తీసుకున్న డ్రాగోస్ దుమిత్రియు సలహా కోసం డేవిడ్ ఆండర్సన్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ కలిసి పని ఎక్కడ ఆగుతోందో గమనించారు. చిక్కు కోడు రాయడంలో లేదు! కొత్త పని ఏది వచ్చినా 'దీనికెంత సమయం పడుతుందో రెండు రోజుల్లో అంచనా చెప్పండి' అనేది నియమం. దాంతో చేతిలో పని పక్కనపెట్టి అంచనాలు వేయడానికే జట్టు సత్తాలో మూడో వంతు, అంతకన్నా ఎక్కువే పోతోంది. పోనీ అంచనా వేసినవన్నీ చేస్తున్నారా అంటే, అందులో చాలావాటి మొహం మళ్లీ చూసేవాళ్లే లేరు.

ఏం చేశారు? స్క్రమ్ తేలేదు. స్ప్రింట్లు పెట్టలేదు. అంచనాలు వేయడం మానేశారు. ఒకేసారి చేతిలో ఉండే పనులకి హద్దు పెట్టారు. ఒక పని అయి జాగా ఖాళీ అయితేనే ఇంకోటి లోపలికి. ఖాళీ అయిన జాగాలో ఏ పని పెట్టాలో అమెరికాలోని మేనేజర్లే వారానికోసారి మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఒత్తిడంతా డెవలపర్ల మీదే పడుతోందని తెలిశాక ముగ్గురు-ముగ్గురుగా ఉన్న జట్టుని నలుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లుగా మార్చారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఐదు నెలలు పట్టే పని రెండు మూడు వారాల్లోనే చేతికి రావడం మొదలైంది! ఈ అనుభవమే తర్వాత సాఫ్ట్‌వేర్ రంగంలో 'కాన్‌బాన్' పద్ధతికి పునాదుల్లో ఒకటయింది. కాన్‌బాన్ పేరు జపాన్‌లోని టయోటా కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. అక్కడ ఏ విడిభాగం ఎప్పుడు కావాలో చెప్పే చీటీని అలా పిలుస్తారు.

మరమ్మతు పనులు ఎప్పుడొస్తాయో తెలియదు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం రెండు. అలాంటి చోట 'రెండు వారాలపాటు కొత్త పని ముట్టుకోం' అనే స్ప్రింటు నియమం ఎలా నప్పుతుంది? అదే కొత్తగా ఓ యాప్ తయారుచేసే జట్టుకైతే ఆ రెండు వారాల ప్రశాంతత వరం. పని స్వభావాన్ని ముందు చూడటం అంటే ఇదే.

దూరం కూడా కొలతే

స్నోబర్డ్‌లో కలిసిన పెద్దలు మొహాలు చూసుకుని మాట్లాడుకోవడమే అన్నిటికన్నా మంచి పద్ధతని రాశారు. ఆ మాట మన ఐటీకి ఎక్కడ కుదురుతుంది? క్లయింట్ కాలిఫోర్నియాలో, కోడు మాదాపూర్‌లో. చలికాలంలో అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ రాత్రి పదిన్నర. 'రోజూ పావుగంటే కదా' అని అమెరికా మేనేజర్ అనుకునే స్టాండప్ కోసం ఇక్కడ ఓ తల్లి పిల్లాణ్ని నిద్రపుచ్చడం మధ్యలో వదిలేసి లేవాల్సి వస్తుంది. పావుగంట కాగితం మీదే. దాని చుట్టూ సాయంత్రం మొత్తం కరిగిపోతుంది.

దీనికీ సవరింపులున్నాయి. స్నోబర్డ్‌లో సంతకం చేసినవారిలో ఒకరైన మార్టిన్ ఫౌలర్ పనిచేసే థాట్‌వర్క్స్ సంస్థ 2001లో బెంగళూరులో ఆఫీసు తెరిచింది. దూరాల మధ్య ఎజైల్ ఎలా సాగిందో ఆయన ఆ అనుభవంతో వివరంగా రాశాడు. అందులో కొన్ని సలహాలు ఇప్పటికీ పనికొస్తాయి. ఒకటి, రాయబారం. ఆ వైపు మనిషి ఒకరు కొన్ని నెలలు ఈ వైపు, ఈ వైపు మనిషి ఆ వైపు ఉండాలి. ఫోన్లో వంద గంటలు చెప్పినా అర్థంకాని విషయం పక్కన కూర్చుని టీ తాగుతూ మాట్లాడితే తేలిపోతుంది. రెండు, పనిని విడదీసే తీరు. డిజైను అక్కడ, కోడు ఇక్కడ, టెస్టింగ్ మరోచోట అని కాకుండా ఒక్కో ఊరి జట్టుకి ఒక్కో భాగాన్ని పూర్తిగా అప్పగించాలి. మూడు, కాగితాలు. ఒకే గదిలో ఉన్న జట్టుకన్నా దూరంగా ఉన్న జట్టు కొంచెం ఎక్కువే రాసుకోవాలి. కాగితాలు తగ్గించమన్న పద్ధతిలోనే కాగితాలు పెంచమనడం తప్పు కాదు. దూరం అనే కొలత మారింది కాబట్టి గుడ్డ ఎక్కువ పట్టింది... అంతే!

ప్రాణం మీదికొచ్చే చోట...

థెరాక్-25 అనే పేరు సాఫ్ట్‌వేర్ చదివినవాళ్లకి ఏదో ఒక క్లాసులో తగిలే ఉంటుంది. క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి ఇది మోతాదుకి ఎన్నోరెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది. కనీసం ముగ్గురు చనిపోయారు. అంతకుముందు యంత్రాల్లో ప్రమాదాన్ని అడ్డుకునే విడి పరికరాలుండేవి. దీన్లో వాటిని తీసేసి ఆ బాధ్యతని సాఫ్ట్‌వేర్‌కే వదిలేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయి. అప్పటికి ఎజైల్ పుట్టనేలేదు. కానీ కోబర్న్ అడిగిన 'తప్పు జరిగితే పోయేదేమిటి' అన్న ప్రశ్నకి ఇంతకన్నా బరువైన ఉదాహరణ దొరకదు. ఇలాంటి చోట 'ముందు విడుదల చేద్దాం, లోపాలు తర్వాత సరిచేద్దాం' అంటే కుదురుతుందా?

అలాగని వైద్య పరికరాలకి ఎజైల్ పనికిరాదని కాదు. అమెరికాలో వైద్యపరికరాల ప్రమాణాలు చూసే ఏఏఎంఐ సంస్థ 2012లో దీనికోసమే ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. చిన్న ముక్కలుగా చేయండి, తరచూ పరీక్షించండి. కానీ ప్రతి ముక్కకీ ఏ ప్రమాదం ఊహించారో, దాన్ని ఎలా అడ్డుకున్నారో, ఏ పరీక్షతో తేల్చుకున్నారో రాతలో ఉండాలి. రోగి చేతికి వెళ్లేది మాత్రం అన్నీ దాటాకే. అంటే లోపల వేగం, గుమ్మం దగ్గర కాపలా. స్వీడన్‌కి చెందిన సాబ్ సంస్థ గ్రిపెన్ యుద్ధవిమానం కొత్త రకాన్ని తయారుచేయడంలో స్క్రమ్ వాడింది. మూడు వారాల స్ప్రింట్లు పెట్టుకుంది. ఉదయం చిన్న జట్లలో మొదలైన మాటలు మెట్లెక్కుతూ కాసేపటికే పై అధికారుల దాకా వెళ్లేలా ఏర్పాటు చేసుకుంది. అడ్డంకి ఏదైనా ఉంటే ఆ పూటే తెలిసిపోతుంది. విమానానికి భద్రత పరీక్షల్లో మినహాయింపు లేదు. జట్టు మాట్లాడుకునే తీరే మారింది.

ప్రజల సొమ్ము... రెండు కథలు

ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఈ కొలతలు తప్పితే నష్టపోయేది పన్ను కట్టేవాళ్లు. అమెరికా ఎఫ్‌బీఐ కేసుల ఫైళ్లని కంప్యూటర్‌లోకి తేవడానికి మొదలుపెట్టిన 'వర్చువల్ కేస్ ఫైల్' ప్రాజెక్టుని దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేశారు. 2006లో 'సెంటినెల్' పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. 2009 చివరికల్లా అయిపోవాలి. 2010 వచ్చినా సగం దారిలోనే ఉంది. అప్పుడు ఎఫ్‌బీఐ పగ్గాలు తన చేతిలోకి తీసుకుంది. సిబ్బందిని బాగా తగ్గించి చిన్న జట్టుని ఉంచుకుంది. రెండేసి వారాల స్ప్రింట్లు పెట్టి ప్రతిసారీ చేసింది చూపించమంది. 2011 అక్టోబరులో వందలమందితో ఒకేసారి వాడించి చూస్తే వ్యవస్థ మొరాయించింది. యంత్రాల సామర్థ్యం చాలదని తేలింది. అందరికీ ఇచ్చాక కాదు, ఇవ్వకముందే తేలింది! సరిచేసుకుని 2012 జులైలో అందరి చేతుల్లో పెట్టారు. అనుకున్నదానికన్నా ఆలస్యమైంది నిజమే. కానీ అయింది.

రెండో కథ బ్రిటన్‌ది. ఆరు రకాల సంక్షేమ చెల్లింపుల్ని కలిపి 'యూనివర్సల్ క్రెడిట్' పేరుతో ఒక్కటిగా చేయాలని పెట్టుకున్నారు. ఎజైల్‌లో చేస్తామని గొప్పగా ప్రకటించారు. కానీ ఆ శాఖకి అంత పెద్ద పనిని ఆ పద్ధతిలో చేసిన అనుభవం లేదు. కాంట్రాక్టులు పాత తరహావి, పై అధికారుల తనిఖీలు పాత తరహావి. ఎజైల్‌ని వాటికి అతికించబోతే రెండూ పొసగలేదు. 2013లో పనిని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాల్సి వచ్చింది. 3 కోట్ల 40 లక్షల పౌండ్ల విలువైన సాఫ్ట్‌వేర్ పనికిరాదని రాసేసుకున్నట్టు ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఆడిట్ నివేదిక చెప్పింది. తర్వాత కొత్త వ్యవస్థని 2014 నవంబరులో లండన్ శివారు సటన్‌లో కొద్దిమందితో మొదలుపెట్టి, నేర్చుకుంటూ నెమ్మదిగా విస్తరించారు.

రెండు చోట్లా పేరు ఎజైలే. ఒకచోట జట్టు పరిమాణం, అధికారం, సమీక్ష అన్నీ పద్ధతికి తగ్గట్టు మారాయి. ఇంకోచోట పేరు కొత్తది, చుట్టూ ఉన్నవి పాతవి. పాత గోడకి కొత్త రంగు వేస్తే బీటలు పోతాయా?

పులిని చూసి...

స్టాక్‌హోమ్‌లో పుట్టిన పాటల సంస్థ స్పాటిఫై తన జట్లని ఎలా ఏర్పరచుకుందో వివరిస్తూ 2012లో హెన్రిక్ క్నీబెర్గ్, ఆండర్స్ ఇవార్సన్ ఓ చిన్న పత్రం రాశారు. జట్టుకి 'స్క్వాడ్', జట్ల గుంపుకి 'ట్రైబ్'... ఇలా కొత్త పేర్లు. అప్పటికి వాళ్లవి మూడు ఊళ్లలో ముప్పైకి పైగా జట్లు. ఇది ప్రస్తుతం మేం పనిచేస్తున్న తీరు మాత్రమే, మీరు చదివేసరికి మారిపోయి ఉంటుందని రచయితలే అందులో చెప్పారు. అయినా ప్రపంచమంతా ఎన్నో సంస్థలు ఆ పేర్లని ఎత్తుకొచ్చి తమ జట్లకి పెట్టుకున్నాయి. పేర్లు మారాయి కానీ నిర్ణయం తీసుకునే అధికారం జట్టుకి రాకపోతే? పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే!

ఇక్కడే ఓ వాదన వినిపిస్తుంది. 'సవరించుకోవచ్చు అంటే ఎవరికి కష్టమైంది వాళ్లు తీసేసుకుంటారు కదా' అని. అదీ నిజమే. స్క్రమ్ నియమావళి 2020 ప్రతిలో ఈ మాట సూటిగానే ఉంది. స్క్రమ్‌లో కొన్ని భాగాలే వాడుకోవచ్చు, కానీ అప్పుడది స్క్రమ్ కాదని. 'మేం స్క్రమ్మే చేస్తాం, కానీ...' అని మొదలుపెట్టే జట్లకి ఆ రంగంలో ఓ ఎగతాళి పేరు కూడా ఉంది. ఆ 'కానీ' తర్వాత వచ్చేది ఎక్కువగా ఏమిటో తెలుసా? 'సమీక్షకి టైముండదు', 'కస్టమర్‌కి చివర్లోనే చూపిస్తాం', 'టెస్టింగ్ తర్వాతి స్ప్రింట్‌లో'. అంటే తప్పు ఎక్కడుందో చెప్పే కిటికీలనే మూసేస్తున్నారన్నమాట. చొక్కా చేతులు కురచ చేసుకోవచ్చు. తల దూరే చోటు కుట్టేసుకుంటే ఎలా?

కోబర్న్ ఈ చిక్కుకి జపాన్ యుద్ధవిద్యల నుంచి ఓ పోలిక తెచ్చాడు. షు, హ, రి అని మూడు మెట్లు. మొదట గురువు చెప్పింది చెప్పినట్టు చేయాలి. తర్వాత ఎందుకలా చేస్తున్నామో తెలుసుకుని మార్పులు చేసుకోవచ్చు. చివరికి సొంత దారి. మన సంగీతంలోనూ అంతే కదా... సరళీ స్వరాలు దాటకుండా ఎవరైనా మనోధర్మం మొదలుపెడతారా? కొత్త జట్టు ఓ రెండు మూడు నెలలు పద్ధతిని ఉన్నదున్నట్టు పాటిస్తే దేన్ని ఎందుకు పెట్టారో తెలుస్తుంది. ఆ తర్వాత పట్టే కత్తెరకి విలువ.

మీ జట్టు కొలతలు తీసుకున్నారా?

పద్ధతిని మార్చుకునే ముందు జట్టంతా కూర్చుని ఈ ప్రశ్నలకి జవాబులు రాసుకుంటే సగం దారి తెలిసిపోతుంది.

* ఎంతమందిమి? పదిమంది లోపయితే మాటలతో నడుస్తుంది. యాభైమంది దాటితే జట్ల మధ్య ఎవరు ఎవరితో ఏం చెప్పాలో రాసుకోవాలి.

* తప్పు జరిగితే పోయేదేమిటి? చిరాకా, డబ్బా, ప్రాణమా? బరువు పెరిగేకొద్దీ పరీక్షలూ, రాతలూ పెరగాలి.

* పని ఎలా వస్తోంది? ముందే తెలిసిన కొత్త నిర్మాణమైతే స్ప్రింట్లు. ఎప్పుడొస్తాయో తెలియని మరమ్మతులైతే చేతిలో పనికి హద్దు పెట్టే కాన్‌బాన్.

* అవసరాలు ఎంత మారుతున్నాయి? నెలనెలా మారుతుంటే తరచూ చూపించాలి. చట్టం చెప్పిన లెక్కల్లాగా మారనివైతే ముందే ప్లాను వేసుకోవడంలో తప్పులేదు.

* ఎవరు ఎక్కడున్నారు? దూరం ఉంటే రోజూ అర్ధరాత్రి సమావేశాలకన్నా రాతలో కబుర్లు, వారానికి ఒకటి రెండు ఉమ్మడి గంటలు మేలు. ఆ ఇబ్బందిని రెండు వైపులవాళ్లూ వంతులవారీగా పంచుకోవాలి.

* కాంట్రాక్టు ఏమంటోంది? పని, గడువు, ధర మూడూ ముందే బిగించేసి 'మార్పుని స్వాగతిస్తాం' అంటే ఆ భారమంతా చివరికి ఉద్యోగి శనాదివారాల మీదే పడుతుంది.

* తీసేద్దామనుకున్నది ఎందుకు పెట్టారు? జవాబు తెలియకపోతే అప్పుడే తీయకూడదు.

ఏది మారినా మూడు మాత్రం వదులుకోకూడదు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌ని వాడేవాళ్లకి తరచూ చూపించడం. చేసింది వెంటనే పరీక్షించుకోవడం. జట్టు భయం లేకుండా 'ఇది బాగోలేదు' అని చెప్పుకునే సమీక్ష. ఈ మూడూ ఉంటే మిగతా కొలత కాస్త అటూఇటూ అయినా రెండు వారాల్లో తెలిసిపోతుంది, సర్దుకోవచ్చు. ఇవి లేకపోతే ఏ పేరు పెట్టుకున్నా పాత వాటర్‌ఫాలే!

ఇప్పుడు కోడు రాయడంలో కృత్రిమమేధ కూడా చెయ్యి వేస్తోంది. కోడు తయారయ్యే వేగం పెరిగితే, రాసినదాన్ని చదివి సరిచూసుకోవడం దగ్గర వరుస కడుతుంది. అడ్డంకి ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుగుతుంది. కొలతలు మళ్లీ తీసుకోవాల్సిందే.

ఈ లెక్కల వెనక ఉన్నది వట్టి సాఫ్ట్‌వేర్ కాదు. రేడియేషన్ యంత్రం కింద పడుకున్న రోగి ఉన్నాడు. నెలనెలా సంక్షేమ చెల్లింపు కోసం చూసే కుటుంబం ఉంది. రాత్రి పదిన్నరకి హెడ్‌ఫోన్ తగిలించుకునే ఉద్యోగి ఉంది. తర్వాతి సమీక్షలో ఎవరైనా 'ఈ మీటింగు మనకెందుకు?' అని అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్న అడగమనే పాతికేళ్ల కిందట ఆ 17 మందీ పన్నెండో సూత్రం రాసిపెట్టారు.